మందం కాదు, బిగువు చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

గిటార్‌ను డ్రాప్ సికి (అన్ని తీగలనూ వదులు చేసి, అన్నిటికంటే లావైన ఆరో తీగను సి స్వరానికి తెచ్చే శ్రుతికి) దించావనీ, ఆరో తీగ వేలాడుతోందనీ, అందుకని దొరికినవాటిలో అన్నిటికంటే మందమైన సెట్టు కొనబోతున్నావనీ రాశావు. కాస్త ఆగు. నీ వయసులో నేనూ అదే చేశాను. 70 గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగ బిగించి, దుప్పటి కప్పుకుని మూలిగినట్టుండే ఆ మోతనే గంభీరమనుకుని నెల రోజులు మురిసిపోయాను.

ముందు ఒక పరీక్ష చెయ్యి. శ్రుతి చూపే ట్యూనర్ మీద కన్నేసి ఆరో తీగను గట్టిగా మీటు. ముల్లు మొదట పైకి ఎగిరి, తర్వాత తీరిగ్గా సి మీదికి దిగిందంటే బిగువు చాలలేదని అర్థం. మెల్లగా మీటి శ్రుతి చేసుకున్నప్పుడు ఈ లోపం కనబడదు. పాటలో మాత్రం ప్రతి దెబ్బకూ అపశ్రుతి పలుకుతుంది.

తీగను రెండు ఫ్రెట్ల (మెడ మీది అడ్డపట్టీలు, ఒక్కోటి ఒక అరస్వరం) మేర దించితే బిగువు సుమారు 20 శాతం తగ్గుతుంది, నాలుగు ఫ్రెట్ల మేర దించితే 37 శాతం. ఆ పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే దించిన ఒక్కో ఫ్రెట్‌కు మందం 6 శాతం చొప్పున పెంచాలి. నీ 46 తీగ ఇ నుంచి సికి, అంటే నాలుగు ఫ్రెట్లు దిగింది. లెక్క వేస్తే 58 వస్తుంది. మిగతా ఐదూ దిగింది రెండేసి ఫ్రెట్లే, కాబట్టి వాటికి అన్నిటికంటే సన్నని తీగ 11 ఉన్న సెట్టు చాలు. 58 తీగ ఒక్కటీ విడిగా కొనుక్కో. ఈ లెక్క నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి (కింది కొసన తీగలు ఆనే భాగం) దాకా 25.5 అంగుళాలున్న గిటార్‌కు. నీది 24.75 అయితే 60 తీగ బిగించు.

అంతకు మించి వెళితే తీగ తీగలా ఊగదు, కడ్డీలా బిర్రబిగుస్తుంది. మోత మొద్దుబారుతుంది. సాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) చివరిదాకా వెనక్కి జరిపినా పన్నెండో ఫ్రెట్ దగ్గర స్వరం కుదరకపోవచ్చు. అన్నట్టు, బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొనలు పోయాక నొక్కడం తేలికగా ఉండాలని పలుచని తీగలు వాడాడు, 1971 నాటికి శ్రుతి కూడా మూడు ఫ్రెట్ల మేర దించేశాడు. ఆ వదులులోంచే అంత బరువైన నాదం పుట్టించాడు. అతని చేతి నేర్పు వేరనుకో.

ఇక నట్ సంగతి. 46కు కోసిన గాడిలో 58 కూర్చోదు, అంచుల మీద ఎక్కి ఇరుక్కుంటుంది. పెగ్ (తీగను బిగించే మర) తిప్పుతుంటే కాసేపు ఏమీ కదలదు, హఠాత్తుగా 'టిక్' మని శ్రుతి ఎగిరిపోతుంది. గాడిని వెడల్పు చేయించు, లోతు మాత్రం పెంచనివ్వకు. లోతు పెరిగితే వట్టి తీగ మీటినప్పుడు ఫ్రెట్‌కు తగిలి గరగరలాడుతుంది. ఆ తర్వాత మెడ వంపు, సాడిళ్లు సరిచూసుకో. తేలే బ్రిడ్జి (స్ప్రింగుల లాగుడుతో నిలిచేది) అయితే స్ప్రింగులు కూడా సర్దుకోవాలి.

చివరగా, కొత్త తీగ ఎక్కువైన కొసను తొందరపడి కత్తిరించకు. ముందు పెగ్ దాటిన చోట లంబకోణంలో మడిచి, ఆ మడత అవతల కత్తిరించు. లేకపోతే తీగ మీది లోహపు పైచుట్టు వదులై కొత్త తీగ కూడా చచ్చినట్టు మోగుతుంది. నేనలా పారేసినవి మూడు.

ఇట్లు,
నీ మామయ్య