షుగర్‌తో పాడైన నరాలు గ్రోత్ ఫ్యాక్టర్‌తో మళ్లీ పెరుగుతాయా?

ప్రశ్న: అమ్మకు 61 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లయింది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. రాత్రయితే అరికాళ్లు మంటలు, నిద్ర ఉండదు. ఈమధ్య నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదంటోంది. నరాలను మళ్లీ పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్లు ఉన్నాయని బంధువులు చెప్పారు. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయించొద్దమ్మా. అలాగని మీ బంధువులు చెప్పింది గాలిమాటేమీ కాదు. నరాల కణాలు బతకడానికి, కొత్త కొసలు వేయడానికి శరీరమే కొన్ని ప్రొటీన్లు తయారుచేసుకుంటుంది. వాటిలో మొదట దొరికింది ఎన్‌జీఎఫ్, అంటే నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్. దాన్ని కనుక్కున్న రీటా లెవీ మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ కూడా వచ్చింది. చర్మంలో తయారైన ఎన్‌జీఎఫ్‌ను సన్న నరాల కొసలు అందుకుని వెన్నెముక పక్కనున్న తమ కణం దాకా మోసుకెళ్తాయి, కాలి వేలి నుంచైతే అది దాదాపు మీటరు దూరం. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సరఫరా తగ్గుతుంది కాబట్టి బయటి నుంచి ఇస్తే నరం కోలుకుంటుందని ఆశపడ్డారు.

ఎలుకల్లో పనిచేసింది, 250 మంది రోగులతో చేసిన ట్రయల్‌లోనూ మేలు కనిపించింది. తర్వాత వెయ్యిమందికి పైగా రోగులను తీసుకుని, వారానికి మూడుసార్లు చొప్పున 48 వారాలు అసలు మందో, మందు లేని ఇంజెక్షనో ఇచ్చి చూశారు. 2000లో ఫలితం బయటికొచ్చింది: రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా సూది వేసినచోట నొప్పి. ఎన్‌జీఎఫ్ నరాన్ని బతికిస్తూనే నొప్పినీ రేపుతుంది, ఎంతగానంటే ఆ తర్వాత దాన్ని అడ్డుకునే మందును కీళ్ల నొప్పులకు ప్రయత్నించారు. అరికాళ్ల మంటతో నిద్రలేని మనిషికి ఇలాంటిది ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

షుగర్ పుండ్ల మీద రాసే బెకాప్లెర్మిన్ జెల్ కూడా గ్రోత్ ఫ్యాక్టరే, కానీ అది వేరే ప్రొటీన్, పుండు మానడానికి వాడేది. మీవాళ్లు రెండూ ఒకటే అనుకుని ఉండొచ్చు.

మంటకు డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులున్నాయి. ఇవి నరాన్ని బాగుచేయవు, మంట తగ్గించి నిద్ర పట్టనిస్తాయి, అదే చాలా పెద్ద మేలు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి డోసు డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, దానివల్లా తిమ్మిర్లు వస్తాయి, ఆ రక్తపరీక్ష తప్పక చేయించండి. షుగర్‌ను అదుపులోకి తేవాలి, కానీ బాగా ఎక్కువగా ఉన్నదాన్ని ఒక్కసారిగా దించేస్తే కొందరికి మంటలు పెరుగుతాయి.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట ఆ చెప్పు జారడం. మంట ఉంటే మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్తాడు, మొద్దుబారిన కాలు మాత్రం ఎవరినీ పిలవదు. సన్నటి నైలాన్ పోగును వంగేదాకా అరికాలికి ఆనించి, కళ్లు మూయించి 'తగిలిందా' అని అడిగే పరీక్ష ఉంది, రెండు నిమిషాల పని, ఈ వారమే చేయించండి. రోజూ రాత్రి అమ్మ అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. చెప్పులో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి తడమమనండి, వేణ్నీళ్లు కాలితో కాకుండా మోచేత్తో చూసుకోమనండి. పుండు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకుండా అదేరోజు డాక్టర్‌కు చూపించండి.