తెలిసింది చెబితే మన సీటు పోతుందా?

తమ్ముడూ, టీమ్‌లో మన తెలుగువాళ్ళే నలుగురున్నా ఎవరూ ఏమీ చెప్పట్లేదు, నేను కూడా దాచుకోవాలా అని అడిగావు. దాచుకోకు. నేను దాచుకుని చూశాను.

2006లో న్యూజెర్సీ వచ్చాను. రాత్రిపూట కంప్యూటర్ తనంతట తానే వరుసగా చేసుకుపోయే పని, బ్యాచ్ జాబ్ అంటాం, అది ఆగిపోతే ఎక్కడ సరిచేయాలో నెల రోజులు కిందామీదా పడి ఒక్కణ్ణే నేర్చుకున్నాను, అది ఇప్పటికీ నాకు గర్వమే. పక్క సీటు శ్రీకాకుళం అబ్బాయి అడిగితే మాత్రం "నాకూ సరిగ్గా తెలీదు" అన్నాను. అతనికి కూడా వచ్చేస్తే కాంట్రాక్టు పొడిగించేటప్పుడు నన్ను తీసేస్తారని భయం. దానికి తోడు, నాకెవరు చెప్పారు, నేనెందుకు చెప్పాలి అన్న కడుపుమంట. అతను మళ్ళీ అడగలేదు. లంచ్‌కి పిలవడమూ మానేశాడు. ఆ చలికాలం శని, ఆదివారాలు మనిషితో ఒక్క మాట లేకుండా గడిచాయి, అమ్మ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానమ్మా అనేవాణ్ణి. నేను విశాఖలో ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. సాయంత్రం నాన్న, ఆయన షిఫ్టువాళ్ళు అరుగు మీద కూర్చుని ప్లాంటులో ఏ మెషీన్ మొరాయించిందో, ఎలా దారికి తెచ్చారో చెప్పుకునేవారు. అడగడానికి ఎవరికీ నామోషీ ఉండేది కాదు, అందరూ ఒకరింట్లో ఒకరు అన్నం తిన్నవాళ్ళే కదా. అలాంటి చోటు నుంచి వచ్చి నేను చేసిన పని అది.

పని చోట తెలిసింది దాచడం మీద 2012లో వచ్చిన ఒక పరిశోధన మూడు రకాలు చెప్పింది: ఏదో అరకొరగా చెప్పి తప్పించుకోవడం, తెలియనట్టు నటించడం, ఇది చెప్పకూడదని సాకు చూపడం. నాది రెండోది. ఎదుటివాళ్ళ మీద నమ్మకం లేనప్పుడు ఇలా దాచడం ఎక్కువని కూడా అందులో తేల్చారు.

మార్చిలో ఇక ఉండబట్టలేక నా నోట్‌బుక్ తీసుకెళ్ళి ఆ శ్రీకాకుళం అబ్బాయికి ఇస్తే, "నేను నేర్చేసుకున్నానులే అన్నా" అన్నాడు. ఏం చెప్పాలో తోచక, అయితే నువ్వెలా చేస్తున్నావో నాకు చూపించు అన్నాను. అతని ముఖమే మారిపోయింది. గంటసేపు చూపించాడు, నాదానికంటే తేలికైన పద్ధతి. ఆ శనివారం వాళ్ళింట్లో పప్పుచారు తిన్నాను.

మీ టీమ్‌వాళ్ళకీ ఆ భయమే ఉండి ఉంటుంది. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ళకి వేరే ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజులు గడువు, అదీ 2017 నుంచే, మా రోజుల్లో అదీ లేదు. ఆ రూల్సన్నీ అధికారిక సైట్‌లో చూసుకో, మీ బ్యాచ్ పిల్లలకి వెతకడం మేం నేర్పక్కర్లేదు. క్లయింట్ రహస్యాలు మాత్రం ఎవరికీ చెప్పకు.

మీటింగ్‌లో అందరి ముందు అడగకు, తెలియకపోతే వాళ్ళకి తలవంపులు. ఒక్కణ్ణి, టీ తాగేటప్పుడు అడుగు. చెప్పకపోయినా సరే, ఈ ఆదివారం నలుగురినీ భోజనానికి పిలువు. వంట రాకపోతే నాకు రాయి, పప్పుచారు కొలతలతో సహా చెబుతాను.