శలభాన్ని మంటలో పడేసే ముందు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. వానాకాలం రాత్రి, మహదేవపూర్ బస్టాండు, ఇల్లు కాని చోటెక్కడినుంచో పారిపోయి వచ్చిన ఒక అమ్మాయి, చివరి బస్సు ఇంకా రాలేదు, ట్యూబ్‌లైటు కింద గోడమీద చెయ్యంత పురుగు. అక్కడిదాకా ఊపిరి బిగబట్టి చదివాను. తర్వాతి వాక్యంలోనే అది ప్రేమకోసం దీపంలో దూకే శలభం అయిపోయింది. నాకు బాధేసింది. అంత దగ్గరగా వచ్చి వాలినదాన్ని నిమిషమైనా చూడకుండా పాత పోలిక కప్పేశావు.

ఇటుకరంగు రెక్కలు, ఒక్కో రెక్కమీద అద్దం ముక్కలాంటి గుండ్రటి మచ్చ అన్నావు. అయితే అది దసలి పట్టుపురుగు అయ్యుంటుంది. మీ వైపు మద్దిచెట్లమీద వాటిని పెంచే రైతులున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లు. గొంగళ్లను పిట్టలు తినకుండా పొద్దంతా ఎలా కాపలా కాస్తారో చూడు. రెక్కలొచ్చాక ఆ పురుగు ఏమీ తినదు, తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. గొంగళిగా ఉన్నప్పుడు మద్దాకు మేసి దాచుకున్న బలంతో వారం పది రోజులు బతుకుతుంది. ఆ కాస్త రోజుల్లోనే ఆడది గాలిలో వదిలిన వాసనను మగది ఈకల్లాంటి మీసాలతో పసిగట్టి వెతుక్కుంటూ పోవాలి. ఇంకో మాట. దారం తియ్యడానికి పట్టుకాయల్ని లోపలి పురుగుతో సహా ఉడకబెడతారు. నువ్వు చూసిన పురుగు ఆ నీళ్లలో పడకుండా బయటికొచ్చినది. నీ కథలో ఆ అమ్మాయి ఎక్కడినుంచి పారిపోయి వచ్చిందో గుర్తుందా?

దీపం సంగతి కూడా చెబుతాను. హైస్పీడ్ కెమెరాలతో చేసిన ఒక పరిశోధన 2024లో అచ్చయింది. ఎగిరే పురుగుల్లో చాలావరకు వెలుతురు వైపు వీపు తిప్పుతాయట. రాత్రిపూట కూడా నేలకన్నా ఆకాశమే వెలుగు. వీపు అటు పెట్టుకుంటే తిన్నగా ఎగరొచ్చు. మన బల్బు దగ్గర ఆ లెక్క తప్పుతుంది. దాన్నే ఆకాశం అనుకుని, వీపు తిప్పుతూ, చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతాయి. దీపంలో దూకే ప్రేమకన్నా ఇదే నన్ను ఎక్కువ కలచివేసింది.

నేనూ ఈ తప్పు చేశాను. మా నువ్వుల చేలో తోకమీద కొమ్మున్న లావుపాటి గొంగళ్లు ఉండేవి. వాటిలోంచి వచ్చే పురుగు వీపుమీద పుర్రెలాంటి గుర్తుంటుంది. ఒక రాత్రి అది మా వసారాలో వాలితే, నా మొదటి కథలో చావుకబురుగా పెట్టేశాను. చాలా ఏళ్లకు మరొకటి కనబడితే మెల్లగా తాకాను. ఎలుకపిల్లలా కీచుమంది! తొండంలోంచి గాలి ఆడించి ఆ చప్పుడు చేస్తుంది. తేనెపట్టుల్లో దూరి తేనె తాగుతుంది. ఇంత బతుకున్న ప్రాణిని నేను అపశకునం చేసి వదిలేశానే అని ఇప్పటికీ మనసు గుంజుతుంది.

వానలు తగ్గకముందే టార్చి పట్టుకుని మళ్లీ ఆ బస్టాండుకు వెళ్లు. ఇంట్లోవాళ్లకు టెన్షన్ పెట్టకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లు. రెక్కలు పట్టుకోకు, పొడి రాలిపోతుంది. మీసాలు వెడల్పుగా ఉన్నాయో సన్నగా ఉన్నాయో చూడు, ఆడో మగో తెలుస్తుంది. ఆ రాత్రి బస్సు లైట్లు పడ్డప్పుడు అది కదిలిందా, అలాగే ఉండిపోయిందా? కథలో ఆ సంగతి లేదు. ఆ ఒక్క పేరా మళ్లీ రాసి పంపు.