ఖ్మేర్ పాఠ్యపుస్తకం పనికి వెళ్లిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

మీ పెదనాన్న ఆశీస్సులు. కంబోడియా రాజధాని నాంపెన్ చేరావనీ, గది కుదిరిందనీ మీ అమ్మ చెప్పింది. మొదటి సంవత్సరం ఆర్థికశాస్త్రం పుస్తకాన్ని అక్కడి భాష ఖ్మేర్‌లోకి తెప్పించే పని నీ మీద పెట్టారట. అక్కడ నాలుగేళ్లు ఇదే పనిలో ఉన్నవాణ్ని, అంతకుముందు ఇక్కడ డిగ్రీ పుస్తకాలు తెలుగులోకి తెచ్చి చేతులు కాల్చుకున్నవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదటి నెలలోనే నీకు ఒక ధైర్యం వస్తుంది. గురువును వాళ్లు 'క్రూ' అంటారు. విశ్వవిద్యాలయం 'సాకల్ విత్యాలై'. ఆర్థిక వ్యవస్థ 'సెట్ఠకెచ్', అందులో మొదటి సగం మన శెట్టికి చుట్టం. లిపి చూస్తే పల్లవుల లిపి నుంచి దిగింది. ఆంకోర్ బోరైలో 611 నాటి ఖ్మేర్ శాసనం దొరికింది. ఇంకేముంది, అంతా మన ఇంటి సరుకే అనిపిస్తుంది. నేను బోల్తా పడింది అక్కడే.

'ఉపాధి అవకాశాలు' అని ఒక ఉపశీర్షిక ఉంది. అనువాదం చేస్తున్న అమ్మాయి ఏదో మాట రాస్తే, 'అవకాస్' అని మీకూ ఉందిగా, అది పెట్టు అన్నాను. తల వంచుకుని పెట్టేసింది. ప్రూఫులు చదవడానికి వచ్చిన విద్యార్థి ఒకడు ఆ పేజీ దగ్గర ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఖ్మేర్‌లో 'అవకాస్' అంటే అంతరిక్షం. మన అవకాశానికి వాళ్ల మాట 'ఓకాస్', పాళీ దారిన వచ్చింది. ఆ అమ్మాయి మొదట రాసింది అదే. మరి నాకెందుకు చెప్పలేదంటే, పెద్దవాణ్ని కదా, ఎదురు చెప్పకూడదట.

అందుకని, వాళ్లు ఊరుకున్నారంటే ఒప్పుకున్నారని అనుకోకు. 'ఇది బాగుందా?' అని అడిగితే బాగుందనే అంటారు. 'మీ చెల్లెలికి ఇది ఎలా చెబుతావు?' అని అడుగు. అప్పుడు అసలు మాట బయటికి వస్తుంది. ఖ్మేర్ మాట మీద చివరి నిర్ణయం ఖ్మేర్ మనిషిదే అని మొదటి రోజే అందరి ముందూ చెప్పెయ్యి.

పారిభాషిక పదాల తగాదా నీకు తప్పదు. అది పాత తగాదా. అక్కడి బౌద్ధ భిక్షువుల పెద్ద, సంఘరాజు చువాన్ నాథ్ పాళీ, సంస్కృతాల నుంచి కొత్త పదాలు కట్టే పక్షం. ఆయన నిఘంటువు మొదటి భాగం 1938లో వచ్చింది, వర్ణక్రమం దగ్గర తగువు వస్తే ఇప్పటికీ దాన్నే తెరుస్తారు. పండితుడు కెంగ్ వన్సాక్‌ది అచ్చ ఖ్మేర్ వైపు మొగ్గు. 1967 నుంచి చదువును ఫ్రెంచి నుంచి ఖ్మేర్‌లోకి మార్చడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్లు తిరగకముందే, 1975 ఏప్రిల్‌లో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం నాంపెన్ నగరాన్ని ఖాళీ చేయించింది. విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. ఆ పదాలు కట్టినవాళ్లు, వాటితో పాఠాలు చెప్పినవాళ్లు చాలామంది మిగల్లేదు. 1979 తర్వాత వియత్నాం, సోవియట్ అధ్యాపకులు వచ్చారు, తొంభైలలో ఇంగ్లీషు వచ్చింది. అందుకే ఒకే భావానికి అరవై ఏళ్ల మాస్టారు ఒక పదం, ముప్పై ఏళ్ల ఆయన మరో పదం వాడతారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఒకటి ఎంచుకో, పుస్తకమంతా అదే ఉంచు, రెండోదాన్ని చివరి పదసూచికలో చూపించు. ఇంగ్లీషు పదం మొదటిసారి మాత్రం పక్కన ఉండాలి. పిల్లలు రేపు ఇంగ్లీషు వ్యాసాలూ చదవాలి కదా.

అయితే పుస్తకాన్ని చంపేది పదాలు కావు, వాక్యాలు. మనకు 'బడు' ఎలాగో వాళ్లకు 'త్రవ్ బాన్' అలాగ. ఇంగ్లీషులో కర్మణి కనబడగానే అది వచ్చి కూర్చుంటుంది. 'ధర మార్కెట్ చేత నిర్ణయించబడుతుంది' అని నేను ఒకప్పుడు రాసిన పాపమే అక్కడా చూశాను. ఇంకో జాడ్యం, ప్రతి క్రియకూ ముందు 'కార్', ప్రతి గుణానికీ ముందు 'ఫియెప్' తగిలించి నామవాచకం చేయడం. ఆ భాషకు అంతకంటే చక్కని పనిముట్టు సొంతంగా ఉంది. 'డాయె' అంటే నడవడం, మధ్యలో చిన్న ముక్క దూరిస్తే 'డమ్నాయె', ప్రయాణం. అలాంటి మాట వాడుకలో ఉన్నచోట 'కార్' ఎందుకు?

దీనికి నేను కనిపెట్టిన మందు ఒక్కటే. ప్రతి అధ్యాయం పూర్తికాగానే జిల్లాల నుంచి వచ్చిన మొదటి సంవత్సరం విద్యార్థిని కూర్చోబెట్టి పైకి చదివించు. నువ్వు పెన్సిల్‌తో కాగితం మీద ఊపిరి ఆగిన చోటల్లా గీత పెట్టు. నీకు భాష పూర్తిగా రానక్కరలేదు, చెవి చాలు. బతంబాంగ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి గిరాకీ అధ్యాయంలో ఒక వాక్యం మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ ఒకే మాట దగ్గర వెనక్కి వెళ్లింది. విప్పి చూస్తే అందులో మూడు 'త్రవ్ బాన్'లు ఉన్నాయి. దాన్ని మూడు వాక్యాలు చేశాం. ఆమె ఆగకుండా చదివి, పేజీ తిప్పేసింది.

అచ్చు సంగతి. పాత ఫైళ్లు ఎవరైనా ఇస్తే యూనికోడ్‌లో ఉన్నాయో లేదో ముందు చూడు. లిమోన్ అనే పాత ఫాంట్లలో ఉంటే తెరమీద ఖ్మేర్ కనిపిస్తుంది, లోపల ఉండేది వేరే అక్షరాలు. వెతికితే ఏమీ దొరకదు. పైగా ఖ్మేర్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు. కనిపించని విరామ గుర్తు పెట్టకపోతే వరుస చివర పదం ఎక్కడపడితే అక్కడ తెగుతుంది. మనం వత్తు అనేదాన్ని వాళ్లు అక్షరం కాలు అంటారు. ఆ కాళ్లు కింది వరుసలో ఇరుక్కోకుండా వరుసల మధ్య జాగా కాస్త ఎక్కువ ఉంచమను.

మూల ప్రచురణకర్త అనుమతి కాగితం చేతికి రాకముందు ఒక్క పేజీ కూడా మొదలుపెట్టనివ్వకు. డబ్బు పేజీ లెక్కన ఇవ్వకు, వాక్యాలు సాగుతాయి. అధ్యాయం లెక్కన, పైకి చదివించడం అయ్యాక ఇవ్వు.

గడువులు పెట్టేటప్పుడు పంచాంగం చూడు. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం. భాద్రపద కృష్ణపక్షంలో పచుంబెన్, అచ్చం మన మహాలయ పక్షమే. ఆ 'బెన్' కూడా పిండమే. ఊళ్లకు వెళ్లి పెద్దలకు అన్నం పెట్టుకునే రోజుల్లో వాళ్లను ఫోన్లు చేసి వేధించకు.

పదాల జాబితా మొదటి పేజీలు పంపు, ఒక్కో పదం పక్కన అది ఎవరు చెప్పారో కూడా రాసి పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు కంపోట్ మిరియాలు పావుకిలో తీసుకురా. నేను తెచ్చినవి ఎప్పుడో అయిపోయాయి, మీ పెద్దమ్మ అడుగుతూనే ఉంది.

ఇట్లు,
మీ పెదనాన్న