శనివారం రాత్రి మీ ఫోన్ సర్వర్ ఎవరికి కాల్ చేసింది?

ప్రశ్న: విజయవాడలో మాకు డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది, మరో రెండు ఊళ్లలో కలెక్షన్ సెంటర్లు ఉన్నాయి. ఫోన్ల కోసం క్లౌడ్ సర్వర్‌లో ఆస్టరిస్క్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్), దాని మీద ఫ్రీపీబీఎక్స్ (దాన్ని వెబ్ పేజీ నుంచి నడిపించేది) పెట్టుకున్నాం. మొత్తం 22 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్ నంబర్లు). మొన్న సోమవారం పొద్దున వచ్చేసరికి ట్రంక్ (బయటికి కాల్స్ వెళ్లే లైన్) బ్యాలెన్స్ సున్నా. శనివారం రాత్రి నుంచి మేం పేరు కూడా వినని దేశాలకు వందల కాల్స్ వెళ్లాయి. మా స్టాఫ్‌లో ఎవరైనా చేశారా? మళ్లీ జరక్కుండా ఏం చేయాలి?

జవాబు: పాపం, స్టాఫ్ జోలికి వెళ్లకండి. శనివారం రాత్రి మొదలై సోమవారం పొద్దుటికి ముగిసిందంటే ఇది బయటి దొంగల పద్ధతే. ఆదివారం బిల్లు ఎవరూ చూడరని వాళ్లకు తెలుసు.

దీనివల్ల వాళ్లకేంటి లాభం? కొన్ని విదేశీ నంబర్లకు నిమిషానికి పెద్ద చార్జీ పడుతుంది. అందులో వాటా ఆ నంబర్ తీసుకున్నవాడికి వెళ్తుంది. వాడే మీ సర్వర్‌లో దూరి, మీ ట్రంక్ మీద తన నంబర్లకే కాల్స్ చేయించుకుంటాడు. అవతల ఎవరూ మాట్లాడక్కర్లేదు, మీటర్ తిరిగితే చాలు.

అందుకే సర్వర్‌ను ముట్టుకోకముందే చేయాల్సిన పని ఒకటుంది. ట్రంక్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ల వైపు నుంచే ఐఎస్‌డీ ఆపించండి. మీ సర్వర్‌లో ఆపితే సరిపోదు. దొంగ అడ్మిన్‌గా లోపలికి వస్తే మీరు పెట్టిన నిబంధనను వాడే తీసేస్తాడు. రోజుకు ఇంత ఖర్చు దాటకూడదని, ఒకేసారి ఇన్ని కాల్స్ మించకూడదని కూడా పరిమితి పెట్టించండి. ఆటో రీచార్జ్ ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే దొంగకు మీరే డబ్బు అందిస్తూ ఉన్నట్టు. పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోమని అందరూ చెబుతారు. నా లెక్కలో ఇది అంతకంటే ముందు. దూరినవాడికి తీసుకుపోవడానికి ఏమీ దొరక్కూడదు.

పేషెంట్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు, రిపోర్టుల గురించి వాళ్లకు చేయాలి కదా అంటారేమో. 001 ఒక్కటీ తెరుద్దామంటే అక్కడో తిరకాసు ఉంది. ఆ 1 అమెరికాకు ఒక్కదానికే చెందిన కోడ్ కాదు. కెనడాతో పాటు జమైకా, డొమినికన్ రిపబ్లిక్ లాంటి కరీబియన్ దేశాలూ దాని కిందికే వస్తాయి. జమైకా నంబర్ 1876తో, డొమినికన్ నంబర్ 1809తో మొదలవుతుంది. చూడ్డానికి అమెరికా నంబర్‌లానే ఉంటుంది, చార్జీ మాత్రం వేరు. నన్నడిగితే ఆ నాలుగు కాల్స్ వాట్సాప్‌లో చేసుకోండి.

ఇక ఎలా దూరారన్నది. కాల్ రికార్డులు తీసి చూడండి. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ పేరు మీద ఉంటే చాలావరకు ఆ పాస్‌వర్డ్ పోయినట్టే. 104కు పాస్‌వర్డ్ కూడా 104 అని పెట్టిన ఆఫీసులు నేను చూశాను. దొంగ ప్రోగ్రాములు మొదట ప్రయత్నించేదీ అదే. ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్‌ను మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, ఫోన్‌లో ఒక్కసారే కొడతాం. పొడుగ్గా, అర్థంపర్థం లేకుండా ఉండనివ్వండి. ఐపీ ఫోన్‌కు కూడా సొంత వెబ్ పేజీ ఉంటుంది, దాని పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినప్పటిదే ఉందేమో చూడండి.

రికార్డుల్లో మీకు తెలియని ఎక్స్‌టెన్షన్, లేదా అడ్మిన్ పేజీలో మీరు సృష్టించని యూజర్ కనిపిస్తే కథ వేరు. సర్వరే వాళ్ల చేతిలో ఉంది. 2025 ఆగస్టులో ఫ్రీపీబీఎక్స్‌లో ఫోన్లను సెట్ చేసే ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లో ఇలాంటి లోపమే బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2025-57819. అడ్మిన్ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రాగలిగారు. 15, 16, 17 వెర్షన్లన్నింటికీ సవరణలు వచ్చాయి. మీరు వేశారా?

అలా పోయిన సర్వర్‌ను కడుగుతూ కూర్చోవద్దు. ముందు దాని స్నాప్‌షాట్ (ఉన్నదున్నట్టు నకలు), లాగ్‌లు (సర్వర్ రాసుకునే రికార్డులు) పక్కన పెట్టుకోండి, ఫిర్యాదుకు కావాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు ఇలాంటి దాడిని తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు తెలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. తర్వాత కొత్త సర్వర్‌లో మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసి, దాడికి ముందటి బ్యాకప్ ఎక్కించండి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి, ట్రంక్‌దీ కలిపి. చాలామంది మర్చిపోయేది ఆ ట్రంక్ పాస్‌వర్డే.

కొత్త సర్వర్‌లో అడ్మిన్ పేజీ మీ ఆఫీస్ ఐపీకి (ఇంటర్నెట్ చిరునామాకు), లేదా వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీద మీ సొంత రహస్య దారిలో) ఉన్నవాళ్లకు మాత్రమే కనపడాలి. వేరే ప్రోగ్రాములు ఆస్టరిస్క్‌ను నడిపే మేనేజర్ ఇంటర్‌ఫేస్ వాడే 5038 పోర్టు (సర్వర్‌కు తలుపు లాంటిది) బయటికి అసలు తెరవొద్దు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌కు పాస్‌వర్డ్ బదులు కీ (ఫైల్ రూపంలో ఉండే తాళంచెవి) పెట్టండి. కాల్ కలిపే పద్ధతి సిప్ వాడే 5060 పోర్టు ట్రంక్ కంపెనీ ఐపీలకు, మీ సెంటర్లకు తెరిస్తే చాలు. 5060ని ఇంకో నంబర్‌కు మారిస్తే లాగ్‌లో గోల తగ్గుతుందే గానీ భద్రత పెరగదు.

డయల్ ప్లాన్‌లో (ఏ కాల్ ఎటు వెళ్లాలో చెప్పే నిబంధనల్లో) బయటి నుంచి వచ్చే కాల్ ఏ దారిలోనూ మళ్లీ బయటి లైన్ పట్టుకోలేకుండా చూడండి. డీసా (బయటి నుంచి ఫోన్ చేసి మీ లైన్ మీద మళ్లీ డయల్ చేసే సదుపాయం) వాడకపోతే తీసేయండి. వెయిటింగ్ హాల్లో ఫోన్ నుంచి రిసెప్షన్‌కు తప్ప ఎక్కడికీ వెళ్లకూడదు. ఆస్టరిస్క్ సోర్స్‌తో పాటు వచ్చే ఒక ఫైల్ పేరే ‘రీడ్‌మీ-సీరియస్‌లీ’. బాబ్బాబు, ఇదైనా చదవండని బతిమాలినట్టు ఉంటుంది. డయల్ చేసిన నంబర్‌లో అంకెలు తప్ప వేరే అక్షరాలు లోపలికి రానివ్వకుండా ఎలా వడకట్టాలో అందులో ఉంది. సాయంత్రం ఓ గంట కేటాయించండి.

ప్రశ్న: నేర్చుకుందామని ఇంట్లో ఆస్టరిస్క్ పెట్టాను. కాసేపటికే లాగ్ నిండా తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు. నన్నే టార్గెట్ చేశారా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: మిమ్మల్నే కాదు, 5060 తెరిచి ఉన్న ప్రతి చిరునామానూ తడుతుంటారు. లాగ్‌లో ‘ఫ్రెండ్లీ స్కానర్’ అన్న పేరు కనిపిస్తే అది సిప్‌విషస్ అనే పరికరం. భద్రతను పరీక్షించడానికి తయారుచేసిందే గానీ దొంగలూ వాడతారు. తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టే చిరునామాను ఆపేసే ఫెయిల్‌టూబ్యాన్ పెట్టుకోండి. మార్చకపోతే అది 10 నిమిషాల్లో 5 తప్పులకు 10 నిమిషాలే ఆపుతుంది. నేనైతే ఒక రోజు పెడతాను. ఆస్టరిస్క్ లాగర్‌లో సెక్యూరిటీ లాగ్‌ను కూడా ఆన్ చేయండి. మీ సొంత ఐపీని మినహాయింపుల్లో చేర్చడం మర్చిపోవద్దు, లేదంటే మిమ్మల్నే బయట నిలబెడుతుంది.

ప్రశ్న: ఫైర్‌వాల్ పెట్టాక ఇంటి నుంచి పనిచేసే మా స్టాఫ్‌కు ఫోన్ మోగుతోంది, మాట మాత్రం ఒకవైపే వినిపిస్తోంది.

జవాబు: కాల్ కలిపేది సిప్, మాట మోసేది ఆర్‌టీపీ. ఆస్టరిస్క్‌లో మాట కోసం సాధారణంగా యూడీపీ 10000 నుంచి 20000 వరకు పోర్టులు వాడతారు. ఫైర్‌వాల్‌లో అవి మూసుకుపోయి ఉంటాయి, తెరవండి. అప్పటికీ కాకపోతే ఇంటి రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేసి చూడండి. సాయం పేరుతో అది సిప్ సందేశాల్లోని చిరునామాలు మార్చి పాడుచేస్తుంది. నిజానికి ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు వైర్‌గార్డ్ వీపీఎన్ ఇస్తే ఈ పోర్టులేవీ బయటికి తెరవక్కర్లేదు. ఒక్కొక్కరికీ విడి కీ ఇవ్వండి. ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజు ఆ ఒక్క కీ, ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్ తీసేస్తే సరిపోతుంది.