పికప్‌లో సబ్‌వూఫర్: ముందు చోటు కొలవండి, సైజు సంగతి తర్వాత

వెనక సీటు పీకకుండా, పిల్లల కార్ సీట్లు కదపకుండా డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లున్న) పికప్‌లో గట్టి బేస్ వస్తుందా, షాపువాళ్ళు చెప్పినట్టు 12 అంగుళాల సబ్‌వూఫర్లు (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్లు) రెండు పెట్టించుకోవచ్చా అన్నది కదా మీ ప్రశ్న. బేస్ అయితే వస్తుందండీ. నేను టెక్సస్‌లో ఫోర్డ్ ఎఫ్-150 సూపర్‌క్రూ నడుపుతున్నాను. సీట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వాల్యూమ్ పెంచితే వెనక అద్దం వణుకుతుంది. కాకపోతే 12 అంగుళాలా, 10 అంగుళాలా అన్నది ఆఖర్న తేలే లెక్క. షాపుల్లో దాన్నే మొదట తేల్చేస్తారు, ఎందుకంటే వాళ్ళు అమ్మేది అదే.

మొదట వెనక సీటు పైకి మడిచి, కింద ఉన్న ఖాళీకి సరిపోయేలా ఒక అట్టపెట్టె చేయండి. ఇంటికొచ్చిన పార్శిల్ డబ్బాలు చాలు. టేపు పెట్టి కొలిస్తే సరిపోదా అంటారేమో, సరిపోదు. సీటు అడుగున ఇనప చట్రం ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటుంది. అట్టపెట్టె మీద నాలుగైదు చోట్ల చపాతీ పిండి ముద్దలు పెట్టి సీటు దించండి, దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి. తర్వాత సీటు ఎత్తి చూస్తే ముద్ద ఎక్కడ ఎంత అణిగిందో, సబ్‌వూఫర్లు బిగించే చెక్క బాక్స్ ఎత్తు ఎంతవరకు పోవచ్చో తెలిసిపోతుంది. మనిషి కూర్చున్నప్పుడు సీటు కిందికి దిగుతుందన్న సంగతి టేపుకి తెలియదు కదా.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉదాహరణకి బయటి కొలతలు 48 అంగుళాల పొడవు, 13 వెడల్పు, 7 ఎత్తు అనుకుందాం. ముప్పావు అంగుళం (సుమారు 19 మిల్లీమీటర్లు) చెక్క వాడితే లోపల మిగిలేది 46.5, 11.5, 5.5. గుణిస్తే సుమారు 2,940 ఘనపు అంగుళాలు, అంటే 1.7 ఘనపుటడుగులు. మధ్యలో అడ్డుగోడ, సబ్‌వూఫర్లు ఆక్రమించే చోటు తీసేస్తే ఒక్కోదానికి ముప్పావు ఘనపుటడుగు దాకా దక్కుతుంది. మీ 12 అంగుళాల ప్రశ్న ఇక్కడే తేలిపోయింది చూడండి. 12 అంగుళాల సబ్‌వూఫర్ ఫ్రేము బయటి అంచు దాదాపు పన్నెండున్నర ఉంటుంది. 13 అంగుళాల వెడల్పున్న బాక్స్ ముఖం మీద దాన్ని బిగించడం మరీ ఇరుకు. 10 అంగుళాల షాలో మౌంట్ (లోతు తక్కువుండే) రకాలైతే హాయిగా కూర్చుంటాయి. వాటికి కావాల్సిన లోతు మూడు అంగుళాల పైచిలుకే, మూసిన బాక్స్‌లో అర నుంచి ముప్పావు ఘనపుటడుగు గాలి చాలు. పైగా 10 అంగుళాలవి రెండు కలిస్తే కోన్ (ముందు కదులుతూ శబ్దం పుట్టించే భాగం) వైశాల్యం ఒక 12 అంగుళాల దానికంటే బాగా ఎక్కువ. సబ్‌వూఫర్ ముఖం కిందికి పెట్టి బిగిస్తే బాక్స్‌కి కాళ్ళు పెట్టి నేలకీ దానికీ మధ్య అంగుళం, అంగుళంన్నర ఖాళీ వదలాలి. ఎత్తు లెక్కలో ఆ కాళ్ళు కూడా కలపండి.

చిన్న బాక్స్‌లో లోతైన బేస్ ఎలా వస్తుందని అనుమానం రావడం సహజమే. అమెరికాలో కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని హెచ్, అంటే హాఫ్‌మన్ గారు, దీనికి ఒక సూత్రం చెప్పారు: బాక్స్ చిన్నగా ఉండాలి, బేస్ లోతుగా దిగాలి, తక్కువ పవర్‌తో గట్టిగా మోగాలి, ఈ మూడూ ఒకేసారి కుదరవు, ఒకటి వదులుకోవాలి. మనం వదులుకునేది మూడోది. అంటే ఆంప్లిఫయర్ పెద్దది పెట్టాలి. ఇందులో కొంత అప్పు క్యాబిన్ తనే తీరుస్తుంది. మూసిన బాక్స్‌లో సబ్‌వూఫర్ శబ్దం ఒక ఫ్రీక్వెన్సీ కింద ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. గాలి బిగుతుగా నిలిచే చిన్న క్యాబిన్‌లో దాదాపు అదే లెక్కన ఎదురు లాభం వస్తుంది. క్యాబిన్ పొడవు రెండున్నర మీటర్లయితే సుమారు 70 హెర్ట్జ్ నుంచి కిందికి ఈ లాభం మొదలవుతుంది. అసలు బండిలో గాలి కొంత బయటికి పోతుంది కాబట్టి పుస్తకంలో ఉన్నంత రాదు. అయినా హాల్లో పెడితే నీరసంగా మోగే చిన్న మూసిన బాక్స్ బండిలో గంభీరంగా వినిపించడానికి కారణం ఇదే. గొట్టం పెట్టిన పోర్టెడ్ బాక్స్ గట్టిగా మోగుతుంది, నిజమే. కానీ దానికి చోటు ఎక్కువ కావాలి, సీటు కింద ఆ గొట్టం పట్టదు. పికప్‌లో సీటు ఉంచుకోవాలనుకునేవాళ్ళు దాని గురించి ఆలోచించడమే దండగ అని నా అభిప్రాయం.

పవర్ విషయంలో పెట్టె మీద రాసిన 1500 వాట్స్, 2000 వాట్స్ అంకెలు పట్టించుకోకండి, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) ఎంతో చూడండి. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 500 వాట్స్ ఆర్ఎంఎస్ ఇచ్చే క్లాస్-డి మోనో ఆంప్ (కరెంటు తక్కువ వృథా చేసే, ఒకే చానెల్ ఆంప్లిఫయర్) నిండుగా పనిచేస్తే బ్యాటరీ నుంచి 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. 4 గేజ్ స్వచ్ఛమైన రాగి వైరు వేయించండి. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక వైరు కిట్లు ఆన్‌లైన్‌లో కుప్పలు, వాటి జోలికి పోవద్దు. ఫ్యూజు బ్యాటరీకి 18 అంగుళాల లోపలే ఉండాలి. అది ఆంప్ కోసం కాదు, మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడకుండా.

ఎఫ్-150 వాళ్ళకి ఇంకో మెలిక ఉంది. 2015 మోడల్ నుంచి దీని బాడీ అల్యూమినియం, కింద ఫ్రేము మాత్రం స్టీలు. మామూలు బండ్లలోలాగా రేకు మీద పెయింట్ గీకి స్క్రూ బిగించి అదే గ్రౌండ్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) అనుకుంటే కొన్నాళ్ళకి అక్కడ తుప్పులాంటి పొర కట్టి ఆంప్ మొరాయిస్తుంది. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ బోల్టు వాడాలి, లేదా వైరు ఫ్రేము దాకా లాగాలి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కి నేరుగా కలపకండి, అక్కడ బ్యాటరీ సెన్సర్ ఉంటుంది. ఆంప్ లాగే కరెంటు దాని లెక్కలోకి రాకపోతే చార్జింగ్ అంచనాలు తప్పుతాయి.

చాలా ఎఫ్-150లలో ఇంజన్ మోతని అణచడానికి పైకప్పులో మైకులు ఉంటాయి. అవి విన్న మోతకి వ్యతిరేక తరంగాన్ని స్పీకర్లలోంచి పంపిస్తాయి. మీ కొత్త సబ్‌వూఫర్‌ని కూడా అవి ఇంజన్ మోతే అనుకుంటాయి. పాట ఆపినా హుమ్మని ఊళ పెడుతుంటే సబ్‌వూఫర్‌ని తిట్టకండి, ఆ నాయిస్ క్యాన్సిలేషన్ ఆపించండి. అలాగే ఫ్యాక్టరీ స్టీరియో చాలావాటిలో వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్ తగ్గిస్తుంది, లోపలి చిన్న స్పీకర్లు చినగకుండా. దాన్ని సరిచేసే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్లు (ఫ్యాక్టరీ స్టీరియో సిగ్నల్‌ని ఆంప్‌కి పనికొచ్చేలా మార్చేవి) ఉన్నాయి, ఆడియోకంట్రోల్ ఎల్‌సి2ఐ లాంటివి. డబ్బులు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ ఇక్కడ వద్దు.

బిగించాక మొదట వినిపించేది బేస్ కాదు, గడగడ. పికప్ క్యాబిన్ వెనక గోడలో, సీటు వెనకాల, గాలి పోవడానికి రబ్బరు రెక్కలున్న కంతలు ఉంటాయి. అవి టపటపలాడతాయి, వాటిని మాత్రం పూర్తిగా మూసేయకండి, లేకపోతే తలుపులు వేయడం కష్టమవుతుంది. ఫోన్‌లో 20 నుంచి 100 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే టోన్ పెట్టి, ఒకరు చేత్తో ఒక్కో ప్లాస్టిక్ ముక్క నొక్కుతూ పోతే దొంగ దొరుకుతాడు. వెనక గోడకి బ్యూటైల్ మ్యాట్ (వణుకు అణచే బరువైన రబ్బరు షీటు) అంటిస్తే సగం గోల తగ్గుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇసుజు వి-క్రాస్‌కి ఇదే అడుగుతుంటారు (అది మన శ్రీసిటీలోనే తయారవుతుంది). బాడీ గొడవ వేరు గానీ బాక్స్ లెక్క అక్షరాలా ఇదే.

ఆఖరి సంగతి, ఆంప్‌తో వచ్చే బేస్ నాబ్‌ని డ్రైవర్ చేతికందేలా పెట్టించుకోండి. సబ్‌వూఫర్ సరిగ్గా పిల్లల సీటు కిందే ఉంటుంది కాబట్టి ముందు మీకు మామూలుగా వినిపించేది వెనక వాళ్ళకి చాలా ఎక్కువ. వాళ్ళు బండెక్కగానే నాబ్ తిప్పేయడం మా ఇంట్లో సీట్ బెల్ట్ పెట్టుకోవడంతో పాటే జరిగిపోతుంది.