రెండడుగుల ట్యాంకుకి ప్లెకో వద్దండీ

చెన్నై వేళచ్చేరిలో కిటికీ పక్కన రెండడుగుల చేపల ట్యాంకు, అద్దాలకు పచ్చని పాకుడు, షాపువాడు ప్లెకో చేప తీసుకోమన్నాడు, కొనాలా అని అడిగారు. వద్దండీ. ఇప్పుడు వేలెడే ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. తినే పాకుడు కంటే వేసే పెంటే ఎక్కువ. నేనూ కొళత్తూరు చేపల మార్కెట్లో ముద్దొచ్చి ఒకటి కొని, ఏడాది తర్వాత ఎవరికి అంటగట్టాలా అని తిరిగాను.

నెరైట్ నత్తలు రెండు వేయండి. అద్దం మీద అవి పాకిన దారి తడిగుడ్డతో తుడిచినట్టు కనిపిస్తుంది. మంచినీళ్లలో వాటి పిల్లలు బతకవు కాబట్టి ట్యాంకు నిండా నత్తలవుతాయన్న టెన్షన్ లేదు. కాకపోతే నువ్వుగింజల్లాంటి తెల్లటి గుడ్లు అంటిస్తాయి, గోకినా ఓ పట్టాన రావు. బోరు నీళ్లలోని సున్నం వాటి గుల్లకు మంచిదే. రాగి ఉన్న చేపల మందు పడితే మాత్రం చస్తాయి. మూత కూడా పెట్టండి, మాదొకటి తెల్లారేసరికి సోఫా కింద తేలింది.

పాకుడు తినే చిన్న ఒటోసింక్లస్ చేపలు ముచ్చటగా ఉంటాయి గానీ, కొత్త ట్యాంకులో ఆకలికి చచ్చిపోతాయి.

ముందు ట్యాంకును ఆ కిటికీ దగ్గర్నుంచి జరపండి, లైటు రోజుకు ఆరేడు గంటలు చాలు. ఎండ అలాగే పడుతుంటే నత్తలు ఎన్ని వేసినా పాకుడిదే పైచేయి.